మా యారాలి నోటి మాట

మా యారాలు సర్పంచ్‌గా గెలిచిన సాయంత్రం వాకిట్లో డప్పులు మోగుతుంటే నేను వంటింట్లో నిలబడి టీ వడగడుతున్నాను. యారాలు అంటే తోటికోడలు. మా పుట్టింటివాళ్లది కోస్తా కాబట్టి ఆ మాట నాకు పెళ్లయ్యాకే తెలిసింది. వచ్చినవాళ్లందరూ ఆమె మెడలో దండలు వేసి, నుదుట గులాలు పూసి, ఆ గులాలు చేతులతోనే నా దగ్గర టీ అందుకున్నారు. "చెల్లె, చక్కెర తక్కువైంది" అని ఒకరిద్దరు ఫిర్యాదు కూడా చేశారు. నేను రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివాను. పటాన్‌చెరు వైపు ఒక మందుల కర్మాగారంలో నాణ్యత పరీక్షించే విభాగంలో పనిచేస్తాను. నా సంతకం పడనిదే అక్కడ ఒక్క డ్రమ్ము గేటు దాటదు. ఆమె పదో తరగతి దాకా చదివింది. ఆ సాయంత్రం నాకు కలిగినదానికి గౌరవప్రదమైన పేర్లు చాలా వెతికాను. ఏదీ పరీక్షకు నిలవలేదు. అది ఈర్ష్యే.

సర్పంచ్ పదవి ఈసారి ఆడవాళ్లకు కేటాయించారని తెలిసినప్పుడు ఇంట్లో మొదట వచ్చింది నా పేరే. "చదువుకున్న పిల్ల. ఆఫీసర్లతోని ఇంగ్లీషుల మాట్లాడ్తది" అన్నారు మా మామగారు. అప్పుడు బయటపడింది, నా ఓటు ఇంకా బీరంగూడలోనే ఉందని. పెళ్లయి ఇన్నేళ్లయినా ఓటు గానీ ఆధార్ చిరునామా గానీ నేను ఈ ఊరికి మార్చుకోలేదు. ఊరి ఓటరు కానివాళ్లు ఊళ్లో పోటీ చేయలేరు.

"గంతే మరి చెల్లె. నువ్వొచ్చినవ్ గని, నీ కాయితాలు ఇంక అత్తగారింటికి రాలే" అని మా యారాలు నవ్వింది. ఆ నవ్వులో ఎగతాళి పాలు ఎంతో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

ఓటు మార్చుకోకపోవడానికి బద్ధకమే కారణమని ఇంట్లో అనుకున్నారు. అసలు కారణం మార్చుకోవలసిన అవసరం కనిపించకపోవడం. నేను పెరిగింది బీరంగూడ పక్కన, ఒక ప్రభుత్వరంగ కర్మాగారం క్వార్టర్లలో. మా నాన్న గోదావరి వైపు నుంచి ఆ ఉద్యోగానికే వచ్చారు. అక్కడ నీళ్లు వేళకు వచ్చేవి. వీధిదీపం మాడిపోతే కార్యాలయంలో చీటీ రాసి పడేస్తే మనిషి నిచ్చెన భుజాన వేసుకుని వచ్చేవాడు. దీపం కోసం మా నాన్న పక్కింటివాళ్లను కూడగట్టిన జ్ఞాపకం నాకు ఒక్కటీ లేదు. పక్కింటివాళ్లు పిండివంటలు ఇచ్చిపుచ్చుకోవడానికే ఉండేవారు. ప్రభుత్వమంటే నా మనసులో స్థిరపడిన రూపం అదే: సరైన కాగితం సరైన బల్ల మీదికి చేరితే సరైన పని జరుగుతుంది. ఆ కాగితానికీ ఆ బల్లకీ మధ్య మనుషుల సమూహం ఒకటి ఉండాలని నాకెవరూ చెప్పలేదు.

మా అత్తగారి ఊరు గుమ్మడిదల దాటాక, మందుల కంపెనీల నడుమ, ఒక వాగు పక్కన ఉంటుంది. ఊరి కొసన ఉన్న వాడకు పైపు నీళ్లు సరిగా అందవు. వాగు గట్టున ఉన్న పంచాయతీ బోరే వాళ్లకు తాగునీరు. గట్టి వాన పడిన మర్నాడు పొద్దున ఆ నీళ్లు ఒక వాసన వేస్తాయి. గోళ్ల రంగు తుడిచే మందు వాసన, కొంచెం తియ్యగా. మధ్యాహ్నానికి పోతుంది. ముక్కు చెప్పినదాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదని నా చదువు నేర్పింది. ఏదో ద్రావకం కలుస్తోందని అనుమానించవచ్చు. అది వాగు ఎగువన ఉన్న కంపెనీ నుంచే వస్తోందని అనాలంటే ఇంకా చాలా మెట్లు ఎక్కాలి.

నేను పద్ధతి ప్రకారం కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెట్టాను. అధికారులు వచ్చారు, ఎండ కాస్తున్న రోజున. నీళ్లు పట్టుకెళ్లి, అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయని జవాబు పంపారు. పొడి రోజున తీసిన నమూనా వాన రోజు గురించి ఏమీ చెప్పదని మళ్లీ రాశాను. పరిశీలనలో ఉందన్నారు. ఊళ్లోవాళ్లు నన్ను దారిలో ఆపి అడిగేవారు.

"ఏంది మేడం, కంపెనోళ్లదేనా?"

"ఇంకా రుజువు కాలేదండీ."

"ఇగ గట్లనే అంటది. జీతం అసుంటి కంపెనీలనే గదా" అని నేను నాలుగడుగులు వేసేలోపు వెనక నుంచి వినిపించేది.

మా యారాలు గెలిచిన కొన్నాళ్లకు ఆ ఎగువ కంపెనీ తన ప్లాంటును విస్తరిస్తానని దరఖాస్తు పెట్టుకుంది. అందుకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. జిల్లా అధికారి ఒకరు వచ్చి టెంటు కింద కూర్చుని ఊరివాళ్లు చెప్పింది విని, రాయించి, చివర చదివి వినిపించాలి. నాకు ఆ రికార్డులోకి ఒక్క విషయం ఎక్కితే చాలు: వాన పడిన మర్నాడు, వాసన ఉండగానే, పంచాయతీ ఎదుట బోరు నీళ్ల నమూనా తీయాలి. అది ఎక్కితే బోరులో ఏముందో తెలుస్తుంది. ఎక్కకపోతే కొసవాడ పిల్లలు ఆ నీళ్లే తాగుతూ ఉంటారు, మేము అనుమానిస్తూ ఉంటాం.

సేకరణ తేదీ సరిగ్గా నాట్ల కాలంలో పడింది. ఆడవాళ్లెవరూ రారని నేను తేల్చేశాను. అయితే ఈ ఊళ్లో బదులు అనే పద్ధతి ఒకటుంది. ఈరోజు నేను నీ మడిలో నాటు వేస్తే, మరో రోజు నువ్వు నా మడిలో వేస్తావు. కూలి మాట ఉండదు, రోజుకు రోజే జమ. మా యారాలు పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఊళ్లో దాదాపు ప్రతి మడిలోనూ నడుము వంచింది. అందరూ ఆమెకు ఎప్పుడూ ఒక రోజు బాకీ పడి ఉంటారు. ఆ ఏడు ఆమె తన నాటును వెనక్కి నెట్టి, తనకు రావలసిన రోజులన్నీ టెంటు దగ్గరకు పిలిచింది.

"నాకు బదులున్నోళ్లు మడికి రావద్దు. ఆ దినం టెంటు కాడికి రాండ్రి" అని ఇంటింటికీ వెళ్లి చెప్పింది.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. బర్రెలకు గడ్డి వేస్తున్న ఆమె దగ్గరకు వెళ్లి అడిగాను.

"అక్కా, వాళ్లు విషయం నమ్మి వస్తున్నారా, నీ రోజు తీర్చడానికి వస్తున్నారా?"

"వస్తున్నరు గదా."

"అలా వస్తే అది ప్రజాభిప్రాయం ఎలా అవుతుంది?"

ఆమె గడ్డి మోపు దించి నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "నువ్వు జీతమిస్తెనే ఫ్యాక్టరీకి పోతవ్. జీతం తీసుకున్నవని నీ పరీక్ష అబద్ధమైతదా?"

ఈ వాదంలో లోపం ఉందని నాకు అప్పుడే అనిపించింది. ఎక్కడుందో మాత్రం పట్టుకోలేకపోయాను. దారిన పోయేవాళ్లు ఇద్దరు విని నవ్వారు. ఆ నవ్వులు ఎవరి వైపో నాకు తెలుసు. అంతకంటే ఎక్కువ గుచ్చింది మరొకటి. ఈ ఊళ్లో నాకు ఒక్క రోజు బాకీ పడి ఉన్న మనిషి ఎవరూ లేరు. పండక్కి నేను పంచిన మిఠాయిలకు బదులుగా మిఠాయిలే వచ్చాయి.

కొసవాడలో ఒంటరిగా ఉండే ఒక ఆమె బర్రెకు ఆ వర్షాకాలం కడుపు పోయింది. బోరు నీళ్ల వల్లనేనని ఆమె నమ్మకం. ఆ సంగతి మైకులో చెప్పనిస్తానని మా యారాలు మాట ఇచ్చేసింది. నేను వద్దన్నాను. బర్రెకు కడుపు పోవడానికి ఎన్నో కారణాలుంటాయి, రుజువు అడిగితే నవ్వులపాలవుతాం, ఆ నవ్వులో మన అసలు మాట కొట్టుకుపోతుందని చెప్పాను. "ఆమె బర్రె, ఆమె నోరు. నేనెవల్ని ఆపెతందుకు?" అంది. ఇక చేసేది లేక, రికార్డులోకి ఎక్కవలసిన నా వాక్యాన్ని ఆమెకు అప్పగించాను. ఆమె దాన్ని పెదవులతో ఒకసారి అనుకుని, "గింత చిన్నదా? ఇన్నేండ్ల సంది గిదేనా రాసింది?" అని ఆశ్చర్యపోయింది.

టెంటు దగ్గర మాట్లాడదలచినవాళ్ల ఆధార్ చూసి టోకెను ఇస్తున్నారు. బల్ల వెనక కూర్చున్న ఉద్యోగి నా కార్డు తిప్పి చూసి వెనక్కి ఇచ్చేశాడు.

"మేడం, మీది బీరంగూడ అడ్రస్ ఉంది. మైకు లోకల్ వాళ్లకే. మీరు రాసి ఇచ్చేయండి, తీసుకుంటాం."

రాసి ఇచ్చేశాను. నా కాగితం మిగతా కాగితాల కింద చేరింది. వెనక వరుసలో, టెంటు గుంజ పక్కన కూర్చున్నాను. ఆడవాళ్లు గుంపుగా వచ్చారు, చీర కుచ్చిళ్లకు ఎండిన బురదతో, మడిలో పాడుకునే గొంతులతోనే పెద్దగా మాట్లాడుకుంటూ. నేను రారని తేల్చిన మనుషులు కుర్చీలు చాలక నేల మీద కూర్చున్నారు.

కంపెనీ తరఫు సలహాదారు తెర మీద బొమ్మలు చూపించి చుక్క నీరు కూడా బయటికి పోదని చెప్పాడు. ఆ తర్వాత బర్రె ఆమె మైకు అందుకుంది. తన కష్టమంతా చెప్పుకుంది. సలహాదారు మర్యాదగానే అడిగాడు: "డాక్టర్ సర్టిఫికెట్ ఏమైనా ఉందా అమ్మా?" ముందు వరుసలో కంపెనీ మనుషులు నవ్వు దాచుకున్నారు. నేను భయపడ్డట్టే జరిగింది. ఒప్పుకోవాలంటే, నేను భయపడ్డట్టే జరిగినందుకు నాలో ఏదో కుదుటపడింది.

అప్పుడు మా యారాలు లేచి ఆమె చేతిలోని మైకు తీసుకుంది.

"సార్, ఆమెతాన సర్టిఫికెట్ లేదు. నాతాన గూడ రుజువు లేదు. కంపెనీ తప్పు జేసిందని నేను అంటలేను. మరి చేయలేదని మీరెట్ల అంటున్నరు? మీరొచ్చి నీళ్లు వట్టుకపోయిన దినం వాన లేదు, వాసన లేదు. పెండ్లి అయిపోయి టెంటు ఇప్పినంక వచ్చి, బాజాలు ఇనవడ్తలేవు, ఈడ పెండ్లే కాలే అంటె ఎట్ల సార్?"

నేల మీద కూర్చున్నవాళ్లంతా ఘొల్లున నవ్వారు. అధికారి కూడా తల వంచుకుని నవ్వాడు. ఆ నవ్వు ఆగేలోపు ఆమె నా వాక్యాన్ని చెప్పేసింది. వాన పడిన మర్నాడు, వాసన ఉండగానే, పంచాయతీ ఎదుట. ఒక్క మాట పోలేదు, ఒక్క మాట చేరలేదు.

"రాసుకోండ్రి! రాసి మళ్ల సదివి వినిపియ్యిండ్రి!" అని ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. రాశారు. చివర చదివి వినిపించారు కూడా. టెంటంతా చప్పట్లు. నేనూ కొట్టాను, కొంచెం ఆలస్యంగా. ఇన్నేళ్లు నేను ఒక్కదాన్నే మోసిన వాక్యం బల్ల మీదికి చేరింది. చేరడానికి దానికి ఒక పెళ్లి, ఒక బర్రె, నాటు ఆగిపోయిన కొన్ని మడులు కావలసివచ్చాయి. వాక్యం నాదని ఎవరికీ తెలియదు. తెలిసిన ఒక్క మనిషీ అప్పటికి ఆడవాళ్ల మధ్య చిక్కుకుపోయి ఉంది.

ఆ తర్వాత కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు ఒక అట్టపెట్టెలో సీలు వేసిన గాజు సీసాలు తెచ్చి సర్పంచ్ ఇంట్లో పెట్టి, వాన పడి వాసన రాగానే ఫోన్ చేయమని చెప్పి వెళ్లారు. ఆ పెట్టె గోడ అవతల, మా బావగారి వాటాలో ఉండేది. సీసాల గురించి నన్నెవరూ అడగలేదు. అడగనిదే వెళ్లి చెప్పకూడదని నేను నిశ్చయించుకున్నాను.

గట్టి వాన పడింది. పొద్దున్నే కొసవాడ నుంచి కబురొచ్చింది, వాసన వస్తోందని. నేను డ్యూటీకి సెలవు పెట్టి బోరు దగ్గరకు వెళ్లేసరికి ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. గట్టు మీద కొత్త తువ్వాలు పరిచి, దాని మీద సీసాలు వరుసగా పెట్టారు. ధగధగ మెరుస్తున్నాయి. దగ్గరికి వంగితే నిమ్మకాయ వాసన.

"వీటిని ఎవరు కడిగారు?" అన్నాను.

"మేమే. నిన్ననే తోమినం" అంది మా యారాలు గర్వంగా. "సబ్బుతోని, నిమ్మచెక్కతోని. గవర్నమెంటుకు పోయేటియి, మురికిగ ఎట్లిస్తం?"

ప్రయోగశాలలో శుభ్రం చేసి సీలు వేసిన సీసాలవి. సీలు తీసి సబ్బు పట్టిస్తే అందులో పట్టిన నీళ్లకు ఏ విలువా ఉండదు. అది చూసిన మొదటి క్షణంలో నాకు కలిగింది ఆనందం. ఇంతమంది ముందు ఆమె తప్పు చేసింది, ఆ తప్పు నాకొక్కదానికే కనిపిస్తోంది. రెండో క్షణంలో వాసన మధ్యాహ్నానికి పోతుందన్న సంగతి గుర్తొచ్చింది. మళ్లీ వాన ఎప్పుడో ఎవరికీ తెలియదు.

"ఇవి పనికిరావు అక్కా."

"ఏంది?"

"తోమకూడదు. సబ్బు కూడా పరీక్షలో కనిపిస్తుంది. కంపెనీవాళ్లు ఈ ఒక్క మాట పట్టుకుని అంతా కొట్టేయిస్తారు."

ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "ముందుగాల్ల చెప్పద్దా మరి? గోడకవతలనే ఉంటివి గదా!" అంది మా యారాలు.

"నన్ను అడిగారా?"

"ఇండ్లకెల్లి పొగ వస్తుంటె అడిగినంకనే చెప్తవా నువ్వు?"

నమూనా తీయడానికి అధికారి అప్పటికే సంగారెడ్డి నుంచి బయలుదేరాడు. కొత్త సీసాలు తెమ్మని నేనే ఫోన్ చేశాను. నా పేరు, చదువు, ఉద్యోగం వరుసగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "సర్పంచ్ గారు లేరా మేడం?" అన్నాడు. ఫోన్ ఆమెకు ఇచ్చాను.

"సార్, తప్పు మాదే. మీ సీసలు తోమినం. అవు, సబ్బుతోనే. పనికిరావంట, మా చెల్లె చెప్తున్నది. జెర కొత్తయి తీస్కరా సార్, జల్దీ. వాసన పోతే మళ్ల మొగులు దిక్కు సూస్కుంట కూసోవాలె."

అవతల ఆయన నవ్వు నాకూ వినిపించింది. వాసన ఉండగానే కొత్త సీసాలతో వచ్చాడు. ఈసారి నేను చెప్పినట్టే జరిగింది. ముందు కాసేపు బోరు నడిపి నీళ్లు వదిలేశారు, తర్వాత గాలి బుడగ మిగలకుండా అంచు దాకా నింపి మూత బిగించారు. సాక్షి సంతకం సర్పంచ్ పెట్టింది.

నేను బోరు గట్టున నిలబడి ఆలోచించింది నీళ్ల గురించి కాదు. నా ఉద్యోగంలో ఇలాంటి తప్పు ఒక్కటి చేస్తే ఆ తర్వాత నా ప్రతి ఫలితాన్నీ అనుమానిస్తారు, అనుమానించాలి కూడా. ఆమె తప్పు చేసి, దాన్ని ఫోనులో అంతమంది వినేలా ఒప్పుకుని, అంతకుముందు కంటే గట్టిగా నిలబడింది. ఆడవాళ్లు "సీసల సర్పంచు" అని ఏడిపిస్తున్నారు, ఆమె వాళ్ల వీపుల మీద చరుస్తోంది. ప్రజలు ఎన్నుకున్న మనిషికి తప్పు చేసే స్వేచ్ఛ కూడా ఉంటుందని నేను చదువుకున్న పౌరశాస్త్రంలో లేదు.

నివేదిక వచ్చింది. నీళ్లలో ద్రావకం జాడ ఉంది, తాగడానికి పనికిరావు. ఎక్కడి నుంచి వస్తోందో నిర్ధారించాలంటే మరిన్ని నమూనాలు కావాలి. మా యారాలు ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"కంపెనీదేనా?"

"ఈ కాగితం అలా అనడం లేదు."

"నువ్వేమంటవ్?"

"అయి ఉండవచ్చంటాను. వాళ్లదే అని అనలేను."

"ఊరంత ఆ పేరే చెప్పుమంటున్నది చెల్లె."

"ఇప్పుడు చెబితే వాళ్లు రుజువు అడుగుతారు. బోరు మూయించడం కూడా ఆగిపోవచ్చు."

ఆమె కాగితం మడిచి తీసుకుపోయింది. మర్నాడు గ్రామసభ. పంచాయతీ ఆఫీసు ముందు జనం నిండిపోయారు. ఆమె కంపెనీ పేరు చెప్పేస్తుందని నాకు సందేహం లేదు. ఓట్లు అడిగిన మనిషి జనం కోరిన మాటే చెబుతుంది. ఆమె చెప్పబోయే ఆ అబద్ధం కోసం నా తిరస్కారాన్ని సిద్ధంగా ఉంచుకుని వెనక నిలబడ్డాను.

"ఆ బోరు నీళ్లు ఇయ్యాల్టి సంది ఎవ్వలు తాగద్దు. బోరు బంద్ చేస్తున్నం. ట్యాంకరు వస్తది. నీళ్లల్ల మందు ఉన్నది నిజం. ఎవలు కలిపిన్రో ఇంక తేలలే."

ముందు కూర్చున్న ఒక ముసలాయన లేచాడు. "ఏంది తేలలే? గా కంపెనీ గాక ఇంకెవలు?"

"తేలలే అంటె తేలలే మామా. వాన పడ్డప్పుడల్ల తీస్తం. తేలినంక నేనే ముందుగాల్ల పేరు వెట్టి అంట."

"సరే బిడ్డా, నువ్వంటున్నవ్ గదా" అని కూర్చున్నాడు. అందరూ లేచి బిందెల కోసం ఇళ్లకు వెళ్లారు. ఒక్కరూ గొణగలేదు.

ఇంకా రుజువు కాలేదని నేను ఈ ఊళ్లో ఎన్నోసార్లు అన్నాను. అన్న ప్రతిసారీ కంపెనీ మనిషినయ్యాను. అదే మాట ఆమె నోట వస్తే ఊరు తలూపింది. ఆ ముసలాయన సాక్ష్యం అడగలేదు, కాగితం చూపించమనలేదు. ఆయన నమ్మిన తీరు నా లెక్క ప్రకారం పూర్తిగా తప్పు. ఆధారం లేకుండా నేనెవరినీ అలా నమ్మలేదు. నన్నూ ఎవరూ అలా నమ్మలేదు. పంచాయతీ ఆఫీసు మెట్ల మీద నిలబడి, ట్యాంకరు వైపు నడుస్తున్న ఆమె వీపునే చూస్తూ ఉండిపోయాను. ఆ తప్పుడు నమ్మకం నా మీద కూడా ఒక్కసారి పడాలని ఎంత బలంగా కోరుకున్నానో ఏ సీసాలోనూ పట్టలేను.